పిచ్చయ్య ముద్ద

బేస్తవారిపేట మండలంలో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా, ఇంట్లోవాళ్ళ తర్వాత మొదట తెలిసేది పిచ్చయ్యకే. ఎలా తెలిసేదో ఆ దేవుడికే ఎరుక. ఫలానావాళ్ళ కోడలికి కడుపులో నొప్పి, మార్కాపురం తీసుకుపోయారు అని బస్టాండులో మాట పడితే చాలు, ఆమెను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేలోపు పిచ్చయ్య ఆసుపత్రి మెట్లెక్కుతూ కనిపించేవాడు. చేతిలో అరటిపళ్ళ కవరు, భుజాన ఎర్రంచు తువ్వాలు, ముఖాన బస్సులోనే సిద్ధం చేసి పెట్టుకున్న దిగులు. కంది కోత ఆగొచ్చు, బోరు మోటారు కాలిపోవచ్చు, ఇంట్లో భార్య రోశమ్మ వండిన కూర చల్లారిపోవచ్చు. పలకరింపు మాత్రం ఆగడానికి వీల్లేదు.

ఊరి జనం కూడా అలాంటివాళ్ళే. పెళ్ళికి రాకపోతే ఏదో పని పడిందిలే అని సర్దుకుంటారు. మంచాన పడ్డప్పుడు రాకపోతే మాత్రం మనవళ్ళ కాలం దాకా గుర్తుపెట్టుకుంటారు. "మా నాయనకు పక్షవాతం వచ్చినప్పుడు మీ ఇంటి నుంచి ఒక్క మనిషన్నా మా గడప తొక్కినాడా?" అన్న మాట మీద తప్పిపోయిన సంబంధాలున్నాయి, ఓడిపోయిన సర్పంచులున్నారు. అలాంటి చోట ఒక్క మంచాన్ని కూడా వదలకుండా పలకరించిన మనిషి పిచ్చయ్య. చదువు అంతంతమాత్రం, ఆస్తి కాస్త మెట్ట, ఒక బోరు. అయినా ఏ పంచాయితీలోనైనా ఆయనకు పిలిచి కుర్చీ వేసేవాళ్ళంటే అది ఈ పలకరింపుల చలవే.

పలకరించడంలో ఆయనకొక పద్ధతి ఉంది. కుర్చీలో కూర్చుని పలకరించడం తహసీల్దార్లు చేసే పని. పిచ్చయ్య రోగి కాళ్ళు కాస్త పక్కకు జరిపి మంచం మీదే కూర్చుంటాడు. సెలైను సీసా వైపు ఒకసారి, రోగి వైపు ఒకసారి చూసి నిట్టూరుస్తాడు. తర్వాత అదే జబ్బు చేసిన ఇంకొకరి కథ మొదలుపెడతాడు.

"భయపడాకు చిన్నోడా. మా పెదనాయన కొడుక్కి కూడా ఇదే ఆపరేషను. డాక్టర్లు ఏం తక్కువ చేయలా. కుట్లు కూడా బాగా ఏసినారు. ఆయుస్సు లేదు, పోయినాడు."

రోగి ముఖం పాలిపోయాక ఇక అసలు ఘట్టం. పిచ్చయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకుంటాడు. క్యారియరు మూత తీసి, పెరుగన్నం మెత్తగా పిసికి, తన చేత్తో ఒక్క ముద్ద రోగి నోట్లో పెడతాడు. తర్వాత అదే తువ్వాలుతో మూతి తుడుస్తాడు. ఈ ముద్దకు చుట్టుపక్కల పేరుంది. రాచర్ల వైపు ఎవరో ముసలమ్మ, డాక్టర్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న మనిషి, పిచ్చయ్య ముద్ద తిని లేచి కూర్చుందని చెప్పుకుంటారు. ఆ పొద్దునే ఆమెకు మందు మార్చారన్న సంగతి ఎవరూ చెప్పుకోరు. మందు మార్చిన డాక్టరు పేరు కూడా ఎవరికీ గుర్తులేదు.

ఈ ముద్ద వెనక ఒక కథ ఉంది. అది మాత్రం పిచ్చయ్య పదిమందిలో చెప్పుకోడు. పెళ్ళి కాకముందు కామెర్లొచ్చి కంభంలో ఆసుపత్రిలో పడి ఉన్నాడు. తల్లి లేదు. నాయన కరువు పనికి పోతే తప్ప పొయ్యి వెలగని రోజులు. పలకరించడానికి పిట్ట కూడా రాలేదు. పక్క మంచం తాలూకు ఆడమనిషి ఒకావిడ తన కొడుక్కి పెడుతున్న గిన్నెలోంచి ఒక ముద్ద తెచ్చి ఇతని నోట్లో పెట్టింది. ఆమె పేరేమిటో, ఏ ఊరో అడగాలని కూడా తోచలేదు, ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ఇప్పటికీ ఆయన గొంతులో ఎక్కడో ఉంది. మంచాన పడ్డ మనిషికి ఇంకో మనిషి కావాలని ఆయన ఆ రోజే తీర్మానించుకున్నాడు. అందులో తప్పేమీ లేదు. మనిషితో పాటు ఆ మనిషి చెయ్యి కూడా వస్తుందన్నది ఆయనకు తట్టలేదు, అంతే.

ఇంతమందిని పలకరించిన ఇంటికి కూడా వంతు వచ్చింది. ఎండలు ముదిరే రోజుల్లో ఊళ్ళోకి నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు బిందెల తోపులాటలో రోశమ్మ బురదలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. మార్కాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. దాని పేరు మనకెందుకు, ముందు అద్దాలు, కింద మందుల దుకాణం, పక్కన టీ కొట్టు ఉన్న ఆసుపత్రి అనుకోండి, చాలు. ఎముకల డాక్టరు ఆపరేషన్ చేసి రాడ్డు వేశాడు. మామూలు యాంటీబయాటిక్ కొద్ది రోజులు సరిపోతుందన్నాడు. పిచ్చయ్య ససేమిరా అన్నాడు.

"ఖర్చుకు ఎనకాడేది లేదు సార్. పవరుండేది రాయండి. మామూలు మందులు మా వైపు ఎవురికీ పనిచేయవు."

జలుబు చేసినా పవర్ సూది వేయమని ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు ప్రాణం తీసే జనం సంగతి డాక్టరుకు తెలుసు. కాదనడానికి చాలాసేపు పడుతుంది, రాయడానికి ఒక గీత చాలు. రాసేశాడు. పూటపూటకూ రోశమ్మ నరంలోకి పవర్ ఎక్కుతుంటే పిచ్చయ్య ఆ సీసాను చూసి మురిసిపోయాడు.

మత్తు దిగగానే రోశమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏమయ్యో, ఊరందరినీ పలకరించినావు గదా. ఇప్పుడు నా మంచం మీద కూర్చోని ఎవురు సచ్చిన కత చెప్తావో చెప్పు, ఇనుకుంటా."

ఆమెకు పూర్తిగా తెలివొచ్చిందనడానికి డాక్టర్లకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

ఆ ఆసుపత్రిలో శుభ్రతకు లోటు లేదు. గోడల మీద అసలే లేదు. మేనేజరు శ్రీహరి ఇస్త్రీ మడత నలగని మనిషి. ఏదో పెద్ద సర్టిఫికెట్ ఇవ్వడానికి తనిఖీ బృందం వస్తుందని తెలిసినప్పటి నుంచి ప్రతి మంచానికీ, ప్రతి తలుపుకూ శానిటైజరు సీసా తగిలించాడు. "చేతుల శుభ్రతే ప్రాణరక్ష" అని రంగుల బోర్డులు పెట్టించాడు. వార్డు కుళాయిల మీద ఇంకో బోర్డు ఉండేది: "నీటిని వృథా చేయరాదు." ఆ కుళాయిలు ఆ బోర్డుకు అక్షరాలా కట్టుబడి ఉండేవి. తిప్పితే గాలి మాత్రం వచ్చేది. పొద్దున వచ్చే ట్యాంకరు నీళ్ళు ఆపరేషన్ గదికీ, కింద డాక్టర్ల గదులకూ సరిపెట్టి, పై అంతస్తు వార్డులకు వచ్చేసరికి అయిపోయేవి.

పిచ్చయ్యకు ఇదొక లోటుగా అనిపించలేదు. చెంబెడు నీళ్ళతో ఇంటిల్లిపాదీ చేతులు కడుక్కున్న కాలం చూసినవాడు. పైగా ఆ శానిటైజరు ఆయనకు తెగ నచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, కుడి అరచెయ్యి గుంట చేసి సీసా కింద పట్టేవాడు. చుక్కలు పడగానే కళ్ళు మూసుకుని చేతులు రుద్దుకుని, మిగిలిన తడిని తలకు రాసుకునేవాడు, గుళ్ళో తీర్థం తీసుకున్నట్టు. అది చూసినప్పుడల్లా నర్సు కేథరిన్‌కు నవ్వాగేది కాదు.

"తాతా, తాగేవు సుమా!"

"తాగనులేమ్మా. వాసన చూస్తానే తెలుస్తాంది, క్రిములన్నీ సచ్చినాయని."

భార్య మంచం పక్కనే కూర్చుంటే ఆయన పిచ్చయ్య ఎందుకవుతాడు? ఆడవాళ్ళ వార్డు, మగవాళ్ళ వార్డు, మధ్య వరండా, అన్నీ చూస్తుండగానే సొంత వీధిలా అయిపోయాయి. ప్రతి మంచానికీ ఒక నిట్టూర్పు, ఒక కథ, ఒక ముద్ద. "మంచి మనిషి, ఇట్లాంటోళ్ళు ఇప్పుడు యాడున్నారు" అని రోగులు అంటుంటే రోశమ్మ మూతి తిప్పుకునేది గానీ, లోపల ఆమెకూ గొప్పగానే ఉండేది.

మగవాళ్ళ వార్డులో చివరి మంచం మొహిద్దీన్ బాషాది. మార్కాపురంలోనే పలకల వ్యాపారం. ఊపిరితిత్తుల్లో నిమ్ముతో గుంటూరులో చాలా రోజులు మందులు వాడి, కాస్త తేరుకుని ఇక్కడికి వచ్చి చేరాడు. నిమ్ము తగ్గింది గానీ విరేచనాలు పట్టుకున్నాయి. ఒకటే నీళ్ళు. భార్య మున్నీ గుడ్డలు మార్చి మార్చి సొమ్మసిల్లి గోడకు ఆనుకుని ఉండేది. చుట్టాలు వరండా దాకా వచ్చి, వాసన తగలగానే అక్కడి నుంచే చెయ్యి ఊపి వెళ్ళిపోయేవాళ్ళు. మంచం దాకా వెళ్ళినవాడు పిచ్చయ్య ఒక్కడే. దుప్పటి సర్దాడు. నడుము కింద చెయ్యి వేసి బాషాను లేపి కూర్చోబెట్టాడు. ముఖం తుడిచాడు, మంచం కమ్మీ తుడిచాడు, అన్నీ ఆ ఎర్రంచు తువ్వాలుతోనే.

"అన్నా, మావోళ్ళే దగ్గరికి రాలా. నీకెందుకన్నా ఈ తిప్పలు?" అన్నాడు బాషా. కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

"తిప్పలేంది బాషా. మంచాన పడ్డోడికి నీవోళ్ళు నావోళ్ళు ఏంది. నోరు తెరువు."

ముద్ద పెట్టాడు. మున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎంత రాతి గుండె వాడికైనా ఆ క్షణాన కళ్ళు చెమ్మగిల్లేవి. పిచ్చయ్య గుమ్మం దగ్గర తీర్థం తీసుకుని, తలకు రాసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని తిన్నగా ఆడవాళ్ళ వార్డుకు వచ్చాడు. రోశమ్మకు అన్నం కలిపి తినిపించాడు. ఆ తర్వాత ఆమె పక్క మంచం ముసలావిడకు కూడా ఒక ముద్ద పెట్టాడు.

వారం తిరగకుండా రోశమ్మకు విరేచనాలు మొదలయ్యాయి.

కారణాలకు కొదవ లేదు. క్యాంటీను ఇడ్లీ అన్నారు కొందరు. దిష్టి అన్నారు ఇంకొందరు. గిద్దలూరులో కాపురముంటున్న కూతురు నాగజ్యోతి తెచ్చిన గోంగూర పచ్చడి మీదికి కూడా మాట పోయింది, ఆ పిల్ల ఏడ్చినంత పని చేసింది. పిచ్చయ్య కింద దుకాణంలో విరేచనాలు ఆగే మాత్ర కొని, ఎవరికీ చెప్పకుండా వేశాడు. విరేచనాలు కాసేపు ఆగాయి, కడుపు ఉబ్బింది, జ్వరం వచ్చింది. రోశమ్మ మాట్లాడటం మానేసింది. ఇన్నేళ్ళ కాపురంలో పిచ్చయ్య కరువు చూశాడు, అప్పులు చూశాడు, ఆ నోరు ఊరుకోవడం మాత్రం ఎన్నడూ చూడలేదు. ఇంతలో పక్క మంచం ముసలావిడకూ మొదలైంది, ఆ తర్వాత మగవాళ్ళ వార్డులో ఒకరికి. శ్రీహరి వెంటనే రంగంలోకి దిగి, ప్రతి మంచానికీ ఉన్న శానిటైజరు పక్కన ఇంకొకటి తగిలించాడు.

డాక్టర్ ప్రసన్న ఒంగోలు నుంచి వారం వారం వచ్చే జనరల్ డాక్టరు. చిన్న వయసు, పెద్ద కోపం. వచ్చీ రావడంతోనే పవర్ మందు ఆపించింది, మాత్ర సంగతి తెలిసి పిచ్చయ్యను చెడామడా తిట్టింది, విరేచనాన్ని పరీక్షకు పంపింది. ఫలితం వచ్చిన పూట పిచ్చయ్యను, శ్రీహరిని వరండాలోకి పిలిచింది.

"పెద్దాయనా, పొలంలో కలుపుమందు మోతాదు మించి కొడితే ఏమవుతుంది?"

"పైరు కూడా మాడిపోతాది మేడమ్."

"కడుపులో కూడా మనకు మేలు చేసే క్రిములుంటాయి. మీరు అడిగి మరీ రాయించుకున్న పవర్ వాటిని కూడా చంపేసింది. ఖాళీ అయిన చోట ఈ చెడ్డ క్రిమి పెరిగింది. దీనికి గింజల్లాంటివి ఉంటాయి, కంటికి కనపడవు. విరేచనంతో బయటికి వస్తాయి. మంచం మీద, దుప్పటి మీద, గుడ్డ మీద నెలల తరబడి పడి ఉంటాయి. అక్కడి నుంచి చేతికి, చేతి నుంచి నోటికి."

"నేను ఆ సీసా మందు రాసుకుంటానే ఉండాను గదా మేడమ్. తలక్కూడా."

"ఆ మందుకు వేరే క్రిములు చస్తాయి. ఈ గింజ చావదు. సబ్బు పెట్టి, పారే నీళ్ళతో కడిగితేనే చేతి మీంచి పోతుంది."

మెట్ట రైతుకు గింజ సంగతి ఒకరు చెప్పాలా? ఏడాదంతా ఎండిన నేలలో పడి ఉండి, ఒక్క వానకు చేనంతా కమ్మేసే కలుపుతో ఆయన జీవితమంతా పోట్లాడాడు. మెల్లగా భుజం మీది తువ్వాలు వైపు చూశాడు. డాక్టరమ్మ కూడా అటే చూస్తోంది.

"ముద్దలు పెట్టేది మీరేనా?"

ఆ ప్రశ్న ఇంతకుముందు ఎంతోమంది అడిగారు. అడిగినప్పుడల్లా పిచ్చయ్య ఛాతీ కాస్త ముందుకొచ్చేది. ఇప్పుడు తల దించుకున్నాడు.

"నేనే మేడమ్. బాషాకు పెట్టినా. తర్వాత రోశమ్మకు. తర్వాత పక్కనున్న పెద్దమ్మకు..." అంటూ ఆగిపోయాడు. ఆయన ముద్ద తిన్న అందరికీ జబ్బు రాలేదు గానీ, వయసు మీరి, మందులతో కడుపు ఖాళీ అయిన వాళ్ళకు ఆయన చెప్తున్న వరసలోనే వచ్చింది.

డాక్టరమ్మ శ్రీహరి వైపు తిరిగింది. "గోడ నిండా బోర్డులు పెట్టారు. కుళాయిలో నీళ్ళేవండీ?"

"తనిఖీవాళ్ళు కుళాయి ఉందా అని అడుగుతారు మేడమ్" అన్నాడు శ్రీహరి వినయంగా. "ఉంది కదా."

ఆమె ఆయనతో మాట్లాడటం దండగనుకుని పిచ్చయ్యకే చెప్పింది. రోశమ్మను విడిగా ఒక గదిలో పెడతారు. నోటి ద్వారా వేరే మందు ఇస్తారు. ఒక్క మనిషి, కూతురు మాత్రమే ఉండాలి, అది కూడా సబ్బుతో చేతులు కడుక్కుంటూ. "ఆవిడ చాలా నీరసంగా ఉంది. ఇప్పుడు ఇంకేదైనా అంటుకుంటే నేను హామీ ఇవ్వలేను. పదిమంది చేతులు ఆమె మీద పడకూడదు. మీవి కూడా."

"నేను మొగుణ్ణి మేడమ్."

"అందుకే మీకు ముందు చెప్తున్నాను."

కేథరిన్ ఆసుపత్రిలో కాల్చేసే చెత్త వేసే పసుపు సంచి తెచ్చి నోరు తెరిచి పట్టుకుంది. పిచ్చయ్య తువ్వాలు తీసి అందులో వేశాడు. భుజం బోసిపోయింది. ఆ పూటంతా చెయ్యి మాటిమాటికీ భుజం మీదికి పోయి, ఏమీ దొరక్క కిందికి దిగుతూ ఉంది.

అసలు కష్టం మర్నాడు వచ్చింది. రోశమ్మకు సీరియస్ అన్న మాట ఊళ్ళకు పాకింది. రోశమ్మ అన్న తిరుపాలు త్రిపురాంతకం నుంచి ఆటోలు మాట్లాడుకుని మందినేసుకుని దిగాడు. అరటి గెలలు, బ్రెడ్డు పొట్లాలు, కొబ్బరి బోండాలు, ముక్కు చీదడానికి సిద్ధంగా ఉన్న ఆడవాళ్ళు. ఆసుపత్రి మెట్ల దగ్గర పిచ్చయ్య అడ్డం నిలబడ్డాడు. వాళ్ళను పోనిస్తే రోశమ్మ ప్రాణానికి ముప్పు. పోనివ్వకపోతే ఇన్నేళ్ళుగా మంచం మంచానికీ తిరిగి సంపాదించుకున్న పేరు ఈ మెట్ల మీదే పోతుంది. రెండూ ఆయనకు తెలుసు.

"పైకి వద్దు బావా" అన్నాడు.

తిరుపాలుకు అర్థం కాలేదు. "ఏంది?"

"డాక్టరమ్మ వద్దన్నాది. చేతుల మీద గింజలుంటాయంట. దానికి అంటుకుంటే..."

"గింజలా? మేమేమన్నా శనగలు నూర్చి వచ్చినామా? నా చెల్లెల్ని చూసేదానికి నీ పర్మిషను కావాల్నా?"

గుంపులోంచి తిరుపాలు పెద్దమ్మ కూతురు ముందుకొచ్చింది, విధవరాలు. "ఏంది బావా ఇది? మా ఆయన మంచాన పడ్డప్పుడు వచ్చి, పక్కన కూర్చోని, ముద్ద పెట్టిపోయిన మనిషివి నువ్వు. నీ ముద్ద తిన్న వారానికి ఆయన పోయినా, కడుపు నిండి పోయినాడులే అనుకున్నాం. అట్లాంటోడివి నీ పెండ్లాన్ని చూడనీయవా?"

ఆమె మెచ్చుకోలుగానే అంది. పిచ్చయ్య మాత్రం ఆ మనిషి ఎలా పోయాడో, ఏ జబ్బుతో పోయాడో గుర్తు చేసుకోబోయాడు. ముద్ద పెట్టడం గుర్తుంది, మిగతా ఏదీ గుర్తు లేదు. అలాంటివాళ్ళు ఇంకెంతమందో.

తిరుపాలు పక్కకు నెట్టి మెట్టెక్కబోయాడు. పిచ్చయ్య అక్కడే కూలబడి అతని కాళ్ళు రెండూ వాటేసుకున్నాడు.

"నా చేత్తో నేనే దానికి జబ్బు పెట్టినా బావా. నువ్వు పెట్టొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా, పోవద్దు."

నాగజ్యోతి పై నుంచి ఫోన్ వీడియోలో తల్లిని చూపిస్తానంది. "ఫోన్లో చూసేదానికి నేను పరాయోణ్ణా?" అని తిరుపాలు అరిచాడు. కాళ్ళు విడిపించుకుని, తెచ్చిన అరటి గెల మెట్ల మీద పడేశాడు. "రేపు నువ్వు మంచాన పడితే నా నీడ కూడా నీ గడప మీద పడదు. నా మంచం దగ్గర నీ మొగం కనపడిందో, జాగర్త." ఆటోలు తిరిగి వెళ్ళిపోయాయి. టీ కొట్టు దగ్గర జనమంతా ఈ తమాషా చూశారు. పిచ్చయ్య అరటిపళ్ళు ఏరుతూ చాలాసేపు మెట్ల మీదే ఉండిపోయాడు.

రోశమ్మ మెల్లగా తేరుకుంది. "ఆయన యాడ సచ్చినాడు, రెండు రోజుల నుంచి కనపడలా" అని ఆమె కూతుర్ని అడిగిందని తెలిసినప్పుడు పిచ్చయ్య కింద టీ కొట్టులో నిలబడి ఏడ్చాడు. బాషా కూడా బాగుపడి ఇంటికి పోయాడు. పక్క మంచం పెద్దమ్మను మాత్రం కొడుకులు ఒంగోలు తీసుకుపోయారు. ఆమె తిరిగి రాలేదు. ఆమె దినాలకు పిలుపు వస్తే పిచ్చయ్య పోలేదు, ఏ ముఖం పెట్టుకుని పోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చాక, చుట్టాలను మెట్ల మీదే ఆపినందుకు ఊరు చేయాల్సింది చేసింది. ఒక్కరు కూడా పలకరించడానికి రాలేదు. నాలుగు కాళ్ళ వాకరు పట్టుకుని రోశమ్మ వసారాలో కూర్చుని దారి వైపు చూసేది. దారిన పోయేవాళ్ళు ఆమెను చూసి నడక పెంచేవాళ్ళు. పంచాయితీలో పిచ్చయ్యకు కుర్చీ లేదు, అడుగుదామంటే నోరు లేదు. గేటు పక్కన డ్రమ్ముకు కుళాయి బిగించి, వలసంచిలో సబ్బు వేలాడదీశాడు, ఎవరన్నా వస్తారేమోనని. ఆ సబ్బు ఎండకు పగుళ్ళిచ్చింది. ఒక రోజు బాషా, మున్నీ మార్కాపురం నుంచి వచ్చారు. అడక్కుండానే ఇద్దరూ కుళాయి దగ్గర ఆగి, సబ్బు తీసుకుని, వేళ్ళ సందులు రుద్ది రుద్ది కడుక్కున్నారు. అది చూసి రోశమ్మ కళ్ళు తుడుచుకుంది. "పుట్టింటోళ్ళు రాకపోయినా మీరన్నా వచ్చినారు" అంది మున్నీ చెయ్యి పట్టుకుని.

శీతాకాలంలో తిరుపాలుకు హెర్నియా ఆపరేషన్ అయిందని తెలిసింది. అదే ఆసుపత్రి. పిచ్చయ్య విననట్టు ఊరుకున్నాడు. రోశమ్మ ఊరుకోలేదు.

"పోతావా, నన్ను పొమ్మంటావా, ఈ నాలుగు కాళ్ళేసుకుని?"

"మొగం చూపించొద్దన్నాడు గదే."

"మంచం దగ్గర గదా వద్దన్నాడు. యాడన్నా దూరంగా నిలబడు."

పిచ్చయ్య ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్ళాడు. ఆసుపత్రి పక్క సందులో, మగవాళ్ళ వార్డు కిటికీ కింద ఆపించి, తల పైకెత్తి గొంతెత్తాడు. "బావా! తిరుపాలు బావా!"

కాసేపటికి కిటికీలో తిరుపాలు కనిపించాడు, ఒక చేత్తో పొత్తికడుపు పట్టుకుని. పిచ్చయ్యను చూడగానే అన్ని నెలలుగా దాచిపెట్టుకున్నదంతా కుమ్మరించాడు. వంశం తిట్టాడు, మెట్లు తిట్టాడు, గింజలు తిట్టాడు. మిగతా కిటికీల్లోకి కూడా తలలు వచ్చాయి. పిచ్చయ్య తలెత్తి అంతా విన్నాడు. తిట్టి తిట్టి తిరుపాలు ఆయాసపడ్డాడు.

"ఇప్పుడెట్లుంది బావా?" అన్నాడు పిచ్చయ్య.

"ఎట్లుంటే నీకేంది?" అన్నాడు తిరుపాలు. పొత్తికడుపు మీద చెయ్యి సర్దుకుని, "కుట్లు లాగుతా ఉండాయి" అన్నాడు.

"భయపడాకు బావా. మా పెదనాయన కొడుక్కి కూడా ఇదే ఆపరేషను..." అని అలవాటుగా మొదలుపెట్టి పిచ్చయ్య నాలుక కరుచుకున్నాడు. "బాగైపోయినాడు. ఇప్పుడు రాయిలాగున్నాడు."

ఆ పెదనాయన కొడుకు పాడె మోసినవాళ్ళలో తిరుపాలు ఒకడు. కిటికీ ఊచ పట్టుకుని నవ్వలేక, కుట్లు పట్టుకుని, "నవ్వించొద్దురా సామీ, సచ్చిపోతా" అన్నాడు. వార్డంతా నవ్వింది, ఎందుకో తెలియకపోయినా.

"అరటిపళ్ళు తేలేదేంది?"

"సబ్బు తెచ్చినా బావా."

"సబ్బు నాకేంటికి? ఈడ కుళాయి తిప్పితే గాలొస్తాంది."

"తెలుసులే. అందుకే నీళ్ళు కూడా తెచ్చినా." పిచ్చయ్య ట్రాలీ మీది పట్టా లాగాడు. తన బోరు నీళ్ళతో నిండిన నీలం డ్రమ్ము, కింద కుళాయితో సహా, అక్కడ ఉంది.

ఆ మాట విని శ్రీహరి కిందికి దిగి వచ్చాడు. వెళ్ళిపొమ్మంటాడేమోనని పిచ్చయ్య డ్రమ్ము మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. శ్రీహరి డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "పెద్దాయనా, రేపు తనిఖీ ఉంది. ఇది ఎల్లుండి దాకా పై వార్డులో ఉంచుతారా? ఒక బోర్డు కూడా తగిలిస్తాను" అన్నాడు.

"ఉంచు సారూ. బోర్డు వద్దు, దీంట్లో నీళ్ళుండాయి" అన్నాడు పిచ్చయ్య.

వార్డ్‌బాయ్‌లు డ్రమ్ము పైకి మోసుకెళ్ళారు. కేథరిన్ కుళాయి తిప్పింది. తిరుపాలు సబ్బు రుద్దుకుని చేతులు కడుక్కుని, పెరుగన్నం గిన్నె పట్టుకుని మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"పైకొచ్చి ఒక ముద్ద పెట్టిపోకూడదా బావా?" అన్నాడు. గొంతులో కోపం లేదు.

"నీ చేత్తో నువ్వే తిను బావా. నేను ఈడి నుంచే చూస్తా."

తిరుపాలు అన్నం పిసికి ముద్ద చేశాడు. దాన్ని అతను నోటి దగ్గరికి తీసుకుపోతుంటే, కింద సందులో బోడి భుజంతో తల పైకెత్తి నిలబడ్డ పిచ్చయ్య నోరు దానంతట అదే తెరుచుకుంది.